గడ్డి చుట్ట బ్లైండ్ సొంతంగా కట్టడం: గడ్డి అతికించడం ఆఖరి పని

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, విచిటా దగ్గర తోటి ఉద్యోగి పొలంలో జింకల వేటకు యజమాని అనుమతి ఉంది, ఆయుధం క్రాస్‌బో (తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు), వీలైతే మామూలు విల్లు కూడా. ఒక అంగుళం పీవీసీ పైపులు విల్లులా వంచి, పైన నీలి టార్పాలిన్ కప్పి, దాని మీద గడ్డి చల్లి వల బిగిస్తే ఆ బ్లైండ్ (లోపల దాక్కుని వేటాడే మాటు) గడ్డి చుట్టలా కనిపించదా అని అడిగారు.

సెప్టెంబరులో కనిపిస్తుంది. డిసెంబరుకి ఉండదు. తడిసిన గడ్డి బరువుకి అంగుళం పైపు నడుము వంగుతుంది, ఎండకీ చలికీ పెళుసెక్కి ఒక రాత్రి గాలికి విరుగుతుంది. టార్పాలిన్ గాలి వీచినప్పుడల్లా టపటపలాడుతుంది. జింక కంటికి నీలం బాగా ఆనుతుంది, ఎరుపు, నారింజ రంగులే దానికి సరిగా తెలియవు. కాబట్టి గడ్డి జారి నీలి టార్పాలిన్ బయటపడితే, ఉన్న రంగుల్లో అధ్వాన్నమైనదాన్ని మీరే ఎంచుకున్నట్టు.

నిజం చుట్టని తొలిచి లోపల కూర్చుంటారా అనే ప్రశ్న కూడా తరచూ వస్తుంది. మన వైపు బేలర్ కట్టే వరిగడ్డి చుట్టని మనిషి ఎత్తి ట్రాక్టరులో పడేస్తాడు. కాన్సస్ పొలాల్లో ఉండేవి అవి కావు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తున్న చుట్ట మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది, తొలిస్తే మీద కూలుతుంది. చిన్న నలుపలకల గడ్డి కట్టలు గోడలా పేర్చుకోవచ్చు, ఒక్క సీజన్‌కి అది చాలు. కానీ అడుగు వరస కుళ్లి గోడ ఒరుగుతుంది, ఆవులు ఉంటే ముందే తినేస్తాయి. నాలుగైదేళ్లు నిలవాలంటే చెక్క చట్రం, దాని మీద ఇనుప క్యాటిల్ పానెల్ (పశువుల కంచెకి వాడే లావు తీగల అల్లిక), ఆపైన గడ్డి. ఈ వరస మార్చొద్దు.

కొలతలు పానెల్ నుంచే మొదలవ్వాలి. రైతు సామాన్ల దుకాణంలో దొరికే క్యాటిల్ పానెల్ 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు, 4 గేజ్ మందం తీగ. వెడల్పు 50 అంగుళాలంటే దాదాపు నాలుగడుగుల చుట్ట వెడల్పే. ఇక గుండ్రం. పానెల్‌ని ఊరికే వంచి నేలకి దిగేస్తే అది గుండ్రంగా నిలవదు, రైలు సొరంగంలా నిలువు గోడలతో లేస్తుంది. దాన్ని గుండ్రంలో పట్టి ఉంచడానికి రెండు చివరలా ఎనిమిది భుజాల చెక్క చట్రం కావాలి. ఎదురెదురు భుజాల మధ్య 66 అంగుళాలు పెట్టుకుంటే ఒక్కో భుజం 27 అంగుళాల మీద పావు, కొసరు వస్తుంది (66ని 0.414తో గుణిస్తే చాలు). ఏడు భుజాలు కలిపితే 191 అంగుళాలు, పానెల్ పొడవు 192. ఎనిమిదో భుజం నేల వైపుది, దానికి పానెల్ అక్కర్లేదు. అంటే ఒకే పానెల్, కోత లేకుండా సరిపోతుంది. మూలల దగ్గర తీగ కొంచెం బయటికి ఉబ్బుతుంది కాబట్టి ఆచరణలో అటూ ఇటూ రెండు మూడు అంగుళాలు అడుగు మూలకి పైనే ఆగిపోతుంది. మంచిదే, తీగ నేలకి తగలదు.

చెక్క లెక్క: ఎనిమిదడుగుల టూ-బై-ఫోర్‌లు (పేరుకి రెండు బై నాలుగు, నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాల చెక్క) 13. ఒక్కో చెక్కకి మూడు భుజాలు వస్తాయి, 16 భుజాలకి ఆరు చెక్కలు. రెండు చట్రాలని కలిపే అడ్డచెక్కలు ఎనిమిది, ఒక్కోటి 47 అంగుళాలు, చెక్కకి రెండు చొప్పున నాలుగు. 47 ఎందుకంటే రెండు చట్రాల మందం మూడంగుళాలు కలిపితే సరిగ్గా పానెల్ వెడల్పు. మిగిలిన మూడు చెక్కలు చివరి గోడల నిలువు కర్రలకి, వాటి ముక్కలు కిటికీ గడపలకి. వీటితో పాటు అర అంగుళం ప్లైవుడ్ రెండడుగులు బై నాలుగడుగులు ఒక ముక్క, నేలలో కుళ్లకుండా మందు పట్టించిన పదడుగుల ఫోర్-బై-ఫోర్ (నిజానికి మూడున్నర అంగుళాల చదరపు దుంగ) ఒకటి, మూడున్నర అంగుళాల డెక్ స్క్రూలు, 1 5/8 అంగుళాల చిన్న స్క్రూలు, ఒకటిన్నర అంగుళాల కంచె మేకులు (యూ ఆకారపువి), చెక్క జిగురు.

భుజాల రెండు కొసలూ 22.5 డిగ్రీల కోత. అర డిగ్రీ తేడా పదహారు కోతల్లో పేరుకుని ఆఖరి మూల నోరు తెరుస్తుంది. అందుకని మొదటి ఎనిమిదీ కోసి, స్క్రూ పెట్టకుండా నేల మీద పేర్చి చూడండి. మూల మూతపడకపోతే రంపం కోణం సరిచేసి అప్పుడు రెండో చట్రం కోయండి. ప్లైవుడ్‌ని ఎనిమిదంగుళాల పలకలుగా కోస్తే 18 వస్తాయి, కావలసినవి 16. ఒక్కో మూలకి బయటి ముఖం మీద ఒక పలక, జిగురు, ఆరు చిన్న స్క్రూలు. పలకలు లోపలి ముఖం మీద వేస్తే అడ్డచెక్కలకి అడ్డొస్తాయి, కొలత అంతా తప్పుతుంది. అడ్డచెక్కలు ఒక్కో మూల లోపలి వైపు నిలబెట్టి ఒక్కో కొసకి మూడున్నర అంగుళాల స్క్రూలు రెండేసి. పలకా చట్రమూ కలిసి రెండంగుళాలు తినేస్తాయి, మూడంగుళాల స్క్రూకి పట్టు అంగుళమే మిగులుతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి. అడుగు భుజం 27 అంగుళాలే, పైన నడుము 66. గడ్డి చుట్ట ఆకారం దొర్లడానికే పుట్టింది, మీదీ దొర్లుతుంది. ఫోర్-బై-ఫోర్‌ని అయిదడుగుల రెండు ముక్కలుగా కోసి, ఒక్కో చట్రం కింద అడ్డంగా, అంటే దొర్లే దిశలో పరిచి బిగించండి. ఇవే జారుడు దుంగలు కూడా, తాడు కట్టి ట్రాక్టరుతో లాగొచ్చు. కొసలు కింది వైపు ఏటవాలుగా చెక్కకపోతే మట్టిలో దిగబడతాయి. దుంగల వల్ల మొత్తం ఎత్తు మూడున్నర అంగుళాలు పెరిగి, నడి మధ్యలో నేల నుంచి పైకప్పుకి దాదాపు అయిదడుగుల తొమ్మిదంగుళాలు వస్తుంది.

పానెల్ బిగించడం ఇద్దరు మనుషుల పని. ఒక్కరే ప్రయత్నించొద్దు. 4 గేజ్ తీగ స్ప్రింగులా ఎగిరి మొహానికి కొడుతుంది. కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ తప్పనిసరి. పానెల్ మధ్య గీతని పై భుజం మధ్యకి తెచ్చి ముందు అక్కడ మేకులు దిగ్గొట్టండి. తర్వాత రెండు వైపులా ఒక్కో మూల చొప్పున కిందికి దిగండి. ఒక వైపు పూర్తిచేసి రెండో వైపుకి వెళ్తే చట్రం మెలి తిరుగుతుంది. ఆఖరి రెండు మూలలకి రాచెట్ బెల్టు (మీటతో బిగించే పట్టీ) రెండు కొసలకీ తగిలించి దగ్గరికి లాగి అప్పుడు మేకులు కొట్టండి.

తలుపు కోసం ఒక చివరి చట్రం అడుగు చెక్కని కోసేయాలని అనిపిస్తుంది, కాలికి తగులుతుంది మరి. కోయకండి, చట్రం నోరు విప్పుకుంటుంది. దాటి వెళ్లడం అలవాటు చేసుకోండి. తలుపు వైపు ఒక నిలువు కర్ర, రెండో వైపు రెండు. వాటి మీద సన్న ఇనుప వల. తలుపుకి చెక్క రెక్క కంటే ఒకదాని మీద ఒకటి అడుగు మేర కప్పుకునే రెండు బరువైన తెరలే నయం. తెర కిర్రుమనదు.

కిటికీల ఎత్తు ఊహతో కాకుండా కుర్చీతో తేల్చండి. పక్క భుజం నేల నుంచి 23 అంగుళాల దగ్గర మొదలై 50 దాకా నిలువుగా ఉంటుంది, కిటికీ అందులోనే పట్టాలి. పదిహేడు, పద్దెనిమిది అంగుళాల కుర్చీ మీద కూర్చుంటే సగటు మనిషి కన్ను 47 అంగుళాల దగ్గర ఉంటుంది. బాణం దానికి నాలుగైదంగుళాలు కింద. అందుకే గురి చూసినప్పుడు కిటికీ ఖాళీగా కనిపించినా బాణం గడపకి తగులుతుంది, కొత్తవాళ్ల బాణాలు ఎక్కువగా విరిగేది ఇలాగే. విల్లుకి పదంగుళాల వెడల్పు, 30 నుంచి 48 అంగుళాల ఎత్తు వరకు నిలువు కిటికీ. క్రాస్‌బోకి అడ్డం కిటికీ, గడప 32, పై అంచు 44. బాణం వదిలిన క్షణంలో క్రాస్‌బో విల్లు రెక్కలు రెండు పక్కలకీ విచ్చుకుంటాయి కాబట్టి వెడల్పు ఆ రెక్కల కంటే అటూ ఇటూ నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలి. తీగలని బోల్ట్ కట్టర్‌తో పక్క అడ్డతీగ దాకా కోసి, మొండి కొసలు ఆకురాయితో రుద్ది, పైన పాత తోట పైపు చీల్చి తొడగండి. వదిలేసిన ఒక్క మొండి కొస విల్లు తాడుని తెంపుతుంది.

కిటికీలు మూడు వైపులా పెట్టుకోండి, కానీ తెరిచేది ఒకటి, మహా అయితే రెండు. ఎదురెదురుగా రెండు తెరిస్తే వెనక వెలుతురులో మీ తల నల్లటి బొమ్మలా కనిపిస్తుంది. మూతలకి వెల్క్రో వద్దు, విప్పితే వచ్చే చప్పుడు జింకకి కర్ర విరిచినట్టే. అయస్కాంతాలో, కొక్కేనికి తగిలించే సాగే తాడో వాడండి. కిటికీకి వల వేసి దాని గుండా కొట్టాలనుకుంటే స్థిరమైన రెక్కల బాణపు ములికి మాత్రమే. విచ్చుకునే రకం ములుకులు వల తగలగానే తెరుచుకుని బాణం దారి తప్పుతుంది.

ఇక లోపలి నల్లదనం. జింకని మోసం చేసేది బయటి గడ్డి అని అందరూ అనుకుంటారు. గడ్డి సగం పనే చేస్తుంది, మిగతా సగం లోపలి చీకటిది. చెక్కకంతా మెరవని నల్ల రంగు, పానెల్ లోపలి వైపు నల్ల గుడ్డ. మీ చొక్కా, టోపీ, మొహం మీద ముసుగు, చేతులు అన్నీ నలుపే. ఆకుల బొమ్మల కామో వేసుకుని నల్లటి గదిలో కూర్చుంటే తెల్లటి మచ్చ కదిలినట్టు ఉంటుంది. కిటికీకి చేయి చాపు దూరం వెనక్కి కూర్చోవాలి, విల్లు కొస కూడా బయటికి రాకూడదు.

గడ్డి దగ్గరికి వద్దాం. మేతకి పనికొచ్చే ఎండుగడ్డి, ముఖ్యంగా అల్ఫాల్ఫా, వద్దు. ఆవులూ జింకలూ కలిసి మీ గోడ తినేస్తాయి. గింజ దులిపిన గోధుమ గడ్డి, అంటే మన వరిగడ్డికి అక్కడి సోదరుడు, వాడండి. విడి గడ్డి చల్లడం కంటే రోడ్డు కట్టల మీద మట్టి కోసుకుపోకుండా పరిచే గడ్డి దుప్పట్లు కొనడం మేలు. గడ్డి వలకి కుట్టేసి వస్తుంది, చాపలా చుట్టుకోవచ్చు. ప్లాస్టిక్ వల ఉన్నది కాకుండా జనపనార వల ఉన్నది చూడండి, ప్లాస్టిక్ కంతల్లో పాములు ఇరుక్కుని చస్తాయి. చుట్టుకొలత, రెండు చివరలూ కలిపి దాదాపు 120 చదరపు అడుగులు. అంచులు ఒకదాని మీద ఒకటి కప్పుకునే మేర కలిపి 150 పెట్టుకోండి. గడ్డి దుప్పటి రెండు పొరలు కాబట్టి 300. కింద గోనెగుడ్డ ఒక పొర, అయిదడుగుల వెడల్పుది ముప్పై అడుగులు. గోనెకీ గడ్డికీ మధ్య పై మూడు భుజాల మీద మాత్రం పైకప్పుకి వేసే నల్ల తారు కాగితం పరచండి, నీళ్లు కారవు. పక్కలకి వేస్తే లోపల ఉక్క, తేమకి గడ్డి బూజు పడుతుంది.

కట్టడానికి నల్ల కేబుల్ టైలు ఎనిమిదంగుళాలకి ఒకటి. తెల్లవి ఒక్క వేసవి ఎండకే పొడిపొడి అవుతాయి. పనంతా అయ్యాక ఆ రైతునే అడిగి, ఆయన చుట్టల నుంచి విప్పి పారేసిన పాత నెట్‌వ్రాప్ (చుట్ట విడిపోకుండా చుట్టే ప్లాస్టిక్ వల) ఒక ముక్క తెచ్చి చుట్టూ బిగించండి. పక్కనున్న చుట్టల రంగూ మెరుపూ దానంతట అదే వచ్చేస్తుంది, విడి గడ్డి కూడా ఎగరదు. కొసలు వేలాడకుండా చూడండి, పశువులు ఆ వల మింగితే కడుపులో ఉండిపోతుంది. దుంగల పక్కన ఖాళీ కనిపిస్తుంది కాబట్టి రెండు మోపుల విడి గడ్డి అడుక్కి నెట్టేయండి. నిజం చుట్టలు కూడా వానకి అడుగున పొట్ట జారినట్టే ఉంటాయి.

ఇదంతా కలిసి వంద కిలోలు దాటుతుంది, ఇంత బరువు గాలికి ఎక్కడికి పోతుందిలే అనుకోకండి. లెక్క చూడండి. గంటకి 60 మైళ్ల గాలి చదరపు అడుగుకి తొమ్మిది పౌండ్ల పైచిలుకు ఒత్తిడి పెడుతుంది. మీ బ్లైండ్ పక్క 23 చదరపు అడుగులు. అంటే 200 పౌండ్లకి పైగా తోపు, అదీ నడుము ఎత్తులో. అయిదడుగుల దుంగల మీద నిలబడ్డ 240 పౌండ్ల వస్తువు అటో ఇటో అనే స్థితికి వచ్చేస్తుంది. గుండ్రం కాబట్టి గాలి కొంత జారిపోతుంది, కానీ అక్కడి ఉరుముల గాలివానలో 60 మైళ్లు అరుదైన సంగతి కాదు. దుంగల నాలుగు కొసల దగ్గర నాలుగు ఇనుప టీ-పోస్టులు (కంచెకి పాతే గుంజలు) రెండడుగులు లోతుకి దింపి బెల్టులతో బిగించండి. నేల గడ్డకట్టక ముందే, అంటే అక్టోబరులోపే. నేల గడ్డకట్టాక సుత్తి ఎగురుతుంది తప్ప పోస్టు దిగదు.

ఎక్కడ పెట్టాలి? నిజం చుట్టలు ఉన్న పొలమైతే వాటి వరసలోనే, వాటి ముఖాలు ఎటు ఉంటే అటే. అప్పుడు కొద్ది రోజుల్లోనే జింకలు పట్టించుకోవడం మానేస్తాయి. చుట్టలే లేని చేలో ఒంటరిగా పెడితే మూడు నాలుగు వారాలు ముందే పెట్టి వదిలేయాలి. సాయంత్రం మాటుకైతే పొలానికి పడమటి అంచున పెట్టి తూర్పుకి చూడండి, ఉదయానికి తారుమారు. సూర్యుడు కిటికీలోంచి మీ మొహం మీద పడితే పైన చెప్పిన నలుపంతా వృథా. గాలి జింకలు వచ్చే దిక్కు నుంచి మీ వైపుకి వీచాలి, గడ్డి వాసన మనిషి వాసనని దాచదు. కిటికీ నుంచి ఇరవై గజాలకి ఒక గుర్తు కర్ర ముందే పాతి ఉంచండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. మీరు బాగా కట్టారంటే మనుషులు కూడా మోసపోతారు. తెల్లవారుజామున చుట్టలు ఎత్తడానికి వచ్చే ట్రాక్టరుకి ముందు నాలుగడుగుల ఇనుప శూలం ఉంటుంది, దాన్ని చుట్ట మధ్యలోకి గుచ్చి ఎత్తుతారు. పొలం యజమానికి, జీతగాళ్లకి, పక్క పొలం వాళ్లకి స్వయంగా చెప్పండి, పైన నారింజ జెండా కట్టండి. జింకకి ఆ నారింజ పట్టదు. తుపాకీ సీజన్‌లో అవతలి వేటగాడు గడ్డి చుట్టని తూటా ఆపే దిబ్బ అనుకుంటాడు. కాన్సస్‌లో ఆ రోజుల్లో విల్లుతో వెళ్లినా నారింజ టోపీ, ఛాతీకి వంద, వీపుకి వంద చదరపు అంగుళాల నారింజ తప్పనిసరి. నలుపు చొక్కా నియమం ఆ రోజుల్లో పక్కన పెట్టాల్సిందే. కొన్ని రాష్ట్రాల్లో బ్లైండ్ మీద కూడా నారింజ కట్టాలని నియమం ఉంది, ఏ ఏటికి ఆ ఏడు వేట నియమాల పుస్తకం చూసుకోండి.

లోపల గ్యాస్ హీటర్ వెలిగించకండి. ఎండిన గడ్డి గదిలో నిప్పు, అదీ ఒకే తెర తలుపుతో. మంట పట్టకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మందపాటి బూట్లు, రసాయన చేతి వెచ్చదనపు సంచులతో సరిపెట్టుకోండి. లోపలికి దూరే ముందు టార్చి వేసి చూడండి, కందిరీగలూ ఎలుకలూ వాటి వెనకే పాములూ ముందే దిగి ఉంటాయి.

మీరు అడగని రెండు సంగతులు. 1957 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి కాన్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కావాలి. రెండోది హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి: తాత్కాలిక వీసాపై వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు చేతిలో ఉంటే అందులో మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ ఒక్క నిమిషం పట్టుకున్నా ఈ చట్టమే వర్తిస్తుంది. విల్లు, క్రాస్‌బో ఈ చట్టం కిందికి రావు. కాన్సస్ ఆర్చరీ సీజన్‌లో క్రాస్‌బో చెల్లుతుంది కూడా, కాబట్టి మీ ఎంపిక తెలివైనదే.

ఇదే బ్లైండ్‌ని బాతులకో, కెనడా గూస్‌లకో వాడదామనుకుంటే గడ్డిలో గింజ మిగలకుండా చూసుకోండి. పంట గడ్డితో మాటు కప్పుకోవడం సమాఖ్య నియమాల ప్రకారం తప్పు కాదు, కానీ దాని నుంచి గింజ రాలి నేల మీద పడితే అది ఎర వేసినట్టే లెక్క. కప్పే ముందు దుప్పటిని సిమెంటు నేల మీద పరిచి నాలుగు దెబ్బలు దులపండి, గింజ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.